థర్టీ టోర్గర్సన్

డాక్టర్ ఆంటన్ రెహాక్ కాఫీ కప్పు పెదాల దాకా తీసుకెళ్లాడు. తాగలేదు.

ముందు కప్పు వరండా మెట్ల మీద పడి పగిలింది. తర్వాత మనిషి పడ్డాడు. ఆ తర్వాతే తుపాకి మోత వినిపించింది. పక్కనే నిలబడి సిగరెట్ వెలిగించుకుంటున్న ఏజెంట్ వెస్ కాల్డర్ ఆ మూడింటినీ అదే వరసలో గుర్తుపెట్టుకున్నాడు. మోత అంత ఆలస్యంగా వచ్చిందంటే కాల్చిన మనిషి నాలుగు వందల గజాల అవతల ఉన్నాడు. అంత దూరం నుంచి ఒక్క తూటాతో పని ముగించాడు.

అది 1966 జూన్, మోంటానాలో ఒక మారుమూల పశువుల రాంచి. రెహాక్, మిలోష్ సిమెక్ అని ఇద్దరు క్షిపణి నిపుణులు అవతలి దేశం నుంచి పారిపోయి వచ్చి అక్కడ తలదాచుకున్నారు. ఆ ఇద్దరికీ కాపలా వెస్. రెండోవాడు లోపల స్నానం చేస్తున్నాడు కాబట్టి బతికిపోయాడు.

జీపు వేసుకుని దిబ్బ ఎక్కేసరికి అక్కడెవరూ లేరు. పడుకున్న చోట గడ్డి అణిగి ఉంది. దాని కుడిపక్కన నాలుగు బారల మేర గడ్డిని ఎవరో చేత్తో పాయలు తీసినట్టు విడదీశారు. మోకాళ్ల గుర్తులు ముందుకీ వెనక్కీ తిరిగాయి. కింద జీపు బయల్దేరిన చప్పుడు వింటూ కూడా ఆ మనిషి ఇక్కడ మోకాళ్ల మీద పాకుతూ ఏదో వెతుక్కున్నాడు.

వెస్‌కి అది ఏమిటో వెంటనే తెలిసింది. డబ్బు తీసుకుని చంపేవాడు పేలిన తూటా ఖాళీ ఇత్తడి తొడుగు కోసం ఒక్క క్షణం కూడా ఆగడు. దాన్ని సొంతంగా దిద్దుకున్నవాడు మాత్రం ప్రాణం పోయినా వదల్లేడు. వెస్ గడ్డిలో వెతకలేదు. పక్కనే ఉన్న నేల ఉడత బొరియలో మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని బయటికి తీశాడు.

అడుగున ముద్ర కంపెనీది. ఒళ్లు మాత్రం కంపెనీది కాదు. ఏటవాలుగా ఉండాల్సిన పక్కలు నిటారుగా లేచాయి, మెడ కింద భుజం పదునుగా తేలింది. పెద్ద కంపెనీలు చెయ్యని, ఊళ్లో తుపాకి పనివాళ్లు తుపాకిమందు ఎక్కువ పట్టడానికి తామే దిద్దుకునే ఇలాంటి తూటాలను అక్కడ వైల్డ్‌క్యాట్ అంటారు. వెస్ దాన్ని ఎండలో తిప్పి చూశాడు. భుజం మీద వెంట్రుకంత గీత కనిపించింది.

ఇరవై రెండేళ్ల కిందట ఆ గీత పెట్టింది అతనే. మేనమామ ఆర్నీ టోర్గర్సన్ గొట్టంలో తూటా కూర్చునే చాంబర్‌ని కోసే రీమర్ అనే పళ్ల పనిముట్టుని అతను సిమెంటు నేల మీద జారవిడిచాడు. పన్ను అంచు చిట్లి, అది కోసిన ప్రతి చాంబర్‌లో గీత పడసాగింది. ఆర్నీ తిట్టలేదు. "పోనీలే. ఇక నా తూటాలన్నిటికీ నీ గీత ఉంటుందిరా," అన్నాడు.

*

మర్నాడు, అంటే గురువారం, గుర్రాల్ని తీసుకెళ్లే ట్రైలర్‌లో బ్రీఫింగ్ జరిగింది. వెస్ పై అధికారి కర్నల్ బాస్కిన్ గడ్డిమోపు మీద కూర్చుని పిప్పర్‌మెంట్ చప్పరిస్తున్నాడు. పొట్టి మనిషి. ఎవరు చచ్చినా ఆ బిళ్ల బుగ్గ మార్చేవాడు కాదు.

"తుపాకి ఎవరిదో చెప్పగలవా?"

"చాంబర్ ఎవరు కోశారో చెప్పగలను సార్. మా మావయ్య."

"బాగుంది. మన కెస్ట్రెల్ వేరేగా చెబుతోందే. కాల్చింది కెనడా నుంచి వచ్చిన గొర్రెల కాపరంటోంది."

కెస్ట్రెల్ అన్న డేగ పేరు వెనక అసలు పేరు లెనోర్ వేసీ. రాగి రంగు జుట్టు, మోచేతుల దాకా గ్లవ్స్, గదిలోకి వస్తే మగవాళ్లు మాట మధ్యలో ఆపేసేంత అందం. రెండేళ్లుగా అవతలి దేశపు గూఢచారి ముఠాకి ఉత్తరాలు మోస్తూ వాళ్ల గుట్టు ఇటు చేరవేస్తోంది. అలా అని ఫైల్లో ఉంది.

"సిమెక్‌ని విల్లో బెంచ్ రాంచికి మార్చాం," అన్నాడు బాస్కిన్. "సోమవారం వాషింగ్టన్‌లో నోరు విప్పుతాడు. ఆ ముఠావాళ్ల పేర్లు అరవై. అప్పటిదాకా వాడు ఊపిరి పీలుస్తూ ఉండాలి. నీ పని అంతే."

"మా మావయ్య?"

"ఆయన నా లిస్టులో లేడు."

వెస్‌కి ఒక చెవిటి మెషీన్ ఇచ్చారు. చెవికి పెట్టుకుంటే బాస్కిన్ గొంతు నేరుగా బుర్రలోకి వస్తుంది, చుట్టూ మాటలు బాస్కిన్‌కి చేరతాయి. దాన్ని కట్టేసే మీట మాత్రం దానికి లేదు.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆర్నీ షెడ్డు వెనక మాగ్‌పై పిట్టలు గుంపుగా చేరి నేల పొడుస్తున్నాయి. వాటిని చూడగానే లోపల ఏం జరుగుతోందో వెస్‌కి అర్థమైంది. టప్ మని చిన్న మోత. కప్పులోని గొట్టం గుండా గోధుమ రవ్వ ఎగిరి వడగళ్లలా రాలింది. పిట్టలు కొట్టుకు చచ్చాయి.

"పొద్దున్నించీ ఇదే తంతు," అన్నాడు ఆర్నీ లోపల్నించి, తల ఎత్తకుండానే. డెబ్బై నాలుగేళ్లు, ఒక పక్క తెగిన సస్పెండర్లు. "వాటికి పెళ్లి భోజనం. నాకు వీపు నొప్పి. ఇన్సూరెన్స్ ఎలా అమ్ముడవుతోందిరా?"

"అంతంతమాత్రం మావయ్యా."

"నీ మొహానికి ఎవడు కొంటాడు. చెవికేమైంది? నాకంటే ముందే చెవుడా?"

ఆర్నీ మామూలు ఇత్తడి తొడుగు తీసుకుని చిటికెడు మందు వేశాడు. మీద రవ్వ నింపి సబ్బు ముక్కతో మూత పెట్టాడు. రైఫిల్లో పెట్టి గొట్టంలోకి పేల్చాడు. గుండు లేదు, రవ్వే గుండు. బయటికొచ్చిన తొడుగు వేడిగా, చాంబర్ గోడల రూపం ఒంటి నిండా పోసుకుని ఉంది. తర్వాత తుపాకి వెనక గడియలాంటి బోల్టు ఊడదీసి, విప్పి, లోపల తూటాని కొట్టే పిన్నునీ దాన్ని తోసే స్ప్రింగునీ గుడ్డతో తుడిచాడు. ప్రతి మోతకీ అంతే.

"ఇంకా అన్నిసార్లు తుడుస్తున్నావా?"

"రవ్వ పొడి స్ప్రింగులో చేరిందనుకో, పొడిగా ఉన్నంతసేపు ఏం కాదు. నీళ్లు తగిలాయా, జావే. ఫైరింగ్ పిన్ను జావలో ఈదుకుంటూ వెళ్లాలి. యాభై ఒకటిలో తుడవక ఎల్క్ దుప్పిని పోగొట్టుకున్నా. వానలో అది నన్ను చూసి నమిలింది నమిలినట్టే ఉంది."

ఇద్దరూ నవ్వారు. ఆర్నీ వెన్న, పంచదార రాసిన లెఫ్సె రొట్టె చుట్టి మేనల్లుడికిచ్చాడు. వెస్ దాన్ని బల్ల అంచున పెట్టాడు.

"ఈ రైఫిల్ ఎవరిది?"

"ఒకమ్మాయిది," అన్నాడు ఆర్నీ. గొంతులో గర్వం దాచుకోలేకపోయాడు. "ఎర్రజుట్టు. చేతికి గ్లవ్స్. కాల్చాక తొడుగు నేల మీద పడనివ్వదురా, గాల్లోనే అరచేత పట్టేస్తుంది. అట్లా పట్టే మనిషిని ఇప్పటికి ఒక్కదాన్నే చూశాను. చాంబర్ కోసి, ముందు అయిదు తొడుగులు చేసిచ్చా. నచ్చి ఇంకో ఇరవై కావాలని నిన్న తుపాకి నా దగ్గరే వదిలింది. రేపు మధ్యాహ్నం వస్తుంది. కంపెనీ వాళ్లతో మాట్లాడిందట. పెట్టెలు అచ్చేయిస్తుందట. థర్టీ టోర్గర్సన్ అని."

గుండు కొలత ‘థర్టీ’ పక్కన తన పేరు పెట్టి ముప్ఫై ఏళ్లుగా ఆ తూటా పట్టుకుని ఆర్నీ తిరగని కంపెనీ లేదు. ఎవరూ జవాబు కూడా రాయలేదు. ఆ సంగతి ఆ అమ్మాయికి ఎవరు చెప్పారో గానీ, ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకుంది.

వెస్ జేబులోంచి తొడుగు తీసి బల్ల మీద పెట్టాడు.

"నేను ఇన్సూరెన్స్ అమ్మను మావయ్యా. బుధవారం పొద్దున దీనితో ఒక మనిషిని చంపారు. నా పక్కనే. రేపు తీసుకెళ్లేవి ఇంకొకడి కోసం."

ఆర్నీ భూతద్దం పెట్టుకుని చూశాడు. గీత దగ్గర ఆగిపోయాడు.

"మనిషినా?" అన్నాడు.

"మనిషినే."

ఆర్నీ దాన్ని మెల్లగా బల్ల మీద నిలబెట్టాడు. కుడి మోకాలు రుద్దుకుంటూ పడమటి కిటికీ వైపు చూశాడు. అతని మోకాలు లాగితే రెండు రోజుల్లో వాన పడేది. ఆ మోకాలు ఎప్పుడూ తప్పలేదు. తర్వాత రవ్వ డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

"పద్నాలుగు అయ్యాయి. ఇంకా ఆరు."

"నీకు బుద్ధుందా? ఇప్పుడు కూడా లెక్కేనా?"

"ఇరవై ఇస్తానన్నాను."

"పేరు అచ్చు పడుతుందంటే ఎవడు చచ్చినా ఫరవాలేదన్నమాట."

ముసలాయన రవ్వ కొలుచుకుంటున్నాడు. వెస్ బయటికొచ్చి పిట్టల్ని కాలితో తరిమాడు. చెవిలో మెషీన్ గురగురమంది.

"విన్నాను," అన్నాడు బాస్కిన్. "ఎర్రజుట్టు, గ్లవ్స్. మన పిట్టే. రెండేళ్లు మన జీతం తింది."

"రేపు పట్టుకుంటాను సార్."

"ఎందుకు? ఇత్తడి కొనడం నేరమా? తుపాకితో సహా పోనీ. వెనక మనవాళ్లు వెళ్తారు. ఎవరిని కలుస్తుందో చూడాలి. నువ్వు ఆ షెడ్డు అటకమీద ఉండు. ఏం జరిగినా కదలకు."

"ఏం జరిగినా అంటే?"

"ఏం జరిగినా అంటే ఏం జరిగినా."

*

శనివారం మధ్యాహ్నం లెనోర్ తెల్ల కన్వర్టిబుల్‌లో వచ్చింది. అటకమీద చెక్కల సందులోంచి వెస్‌కి ఆమె నడినెత్తి, ఆర్నీ బట్టతల కనిపిస్తున్నాయి.

"మాస్టారూ, మీకోసం ఏం తెచ్చానో చూడండి."

అది పచ్చరంగు కాగితం లేబుల్. దాని మీద నల్లటి అక్షరాలతో పేరు. ఆర్నీ దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. నిన్న విన్నదంతా విని కూడా అక్షరాల మీద బొటనవేలు మెల్లగా నడిపాడు. వెస్‌కి కోపం, జాలి ఒకేసారి వచ్చాయి.

"అక్షరాలు బాగున్నాయి తల్లీ."

"మీ పేరు బాగుంది. అక్షరాలదేముంది."

ఆమె ఇరవై తొడుగుల్నీ చాంబర్‌లో ఒక్కొక్కటే పెట్టి చూసింది. మూడింటిని ఎంచుకుని లోపలికి వంచిన తీగ దించి, పగుళ్లు తడిమింది. బోల్టు పైన వేలు రాసి చూసుకుంది, శుభ్రంగా మెరుస్తోంది. తన మందు తనే నింపి, తన గుండు తనే బిగించింది. అప్పుడు రైఫిల్ అతని చేతికిచ్చింది.

"మొదటిది మీరే."

అక్కడ ఆనవాయితీ అది. చేసినవాడే ముందు కాల్చాలి, తేడా వస్తే పగిలేది అతని మొహమే. ఆర్నీ బుగ్గ ఆనించి, షెడ్డు తలుపులోంచి రెండు వందల గజాల దూరంలోని కాగితం మీదికి కాల్చాడు. నడిబొడ్డున తగిలింది. బోల్టు తెరవగానే ఆమె అరచెయ్యి చాచి తొడుగు పట్టేసుకుంది.

"అద్భుతం," అంది. లేబుల్ అతని చేతిలోంచి సుతారంగా లాక్కుంది. "ఇది నమూనా కాగితం మాస్టారూ, ప్రెస్సుకి తిరిగి ఇవ్వాలి. పెట్టెలు వచ్చాక వెయ్యి పంపిస్తాను."

కుడి గ్లవ్ తీసింది. ఉంగరం రాయిని బొటనవేలితో లోపలికి తిప్పుకుంది.

వెస్ ఆ ఉంగరాన్ని ఎరుగును. తమ వర్క్‌షాప్‌లోనే తయారైంది, రాయి కింద విషపు ముల్లుతో. ఆమెకి ఇచ్చిన రోజు రసీదు మీద సాక్షి సంతకం అతనిదే. గుచ్చుకుంటే దోమ కుట్టినట్టుంటుంది. ప్రాణం పోవడానికి పది నిమిషాలు పడుతుంది.

అరవడానికి సమయం ఉంది. ఒక్క మాట చాలు. చెవిలో బాస్కిన్ ఊపిరి వినిపిస్తోంది. వెస్ నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు.

ఆమె చెయ్యి చాచింది. ఆర్నీ ఆ చేతిని చూసి, ఆమె మొహం చూసి, తన నూనె చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని చేతిలో చెయ్యి కలిపాడు.

కారు చప్పుడు దూరమయ్యాకే వెస్ నిచ్చెన దిగాడు. ఆర్నీ స్టూలు మీద కూర్చుని అరచెయ్యి చూసుకుంటున్నాడు. నుదుటి మీద చెమట.

"చూశావట్రా?" అన్నాడు.

"చూశాను మావయ్యా."

"చూస్తూ ఊరుకున్నావు."

వెస్ నిచ్చెన దగ్గరే నిలబడ్డాడు. ఆర్నీ తల ఊపాడు, తప్పుగా కోసిన ముక్కని చూసి ఊపినట్టు.

"పోనీలే. నేనూ తుడవలేదు," అన్నాడు.

వెస్ చుట్టూ చూశాడు. బల్ల మీద, నేల మీద రవ్వ పరుచుకుని ఉంది. చచ్చేముందు మనిషికి ఇల్లు శుభ్రం గుర్తొచ్చిందనుకుని అతను ఏడ్చాడు. ఏడుపు ఆగేలోపే ఆర్నీ పోయాడు.

*

వెంబడించినవాళ్లు కన్వర్టిబుల్‌ని ఇరవై మైళ్ల తర్వాత పట్టుకున్నారు. నడుపుతున్నది ఎర్రజుట్టు విగ్గు పెట్టుకున్న ముఠా డ్రైవరు. వాడిని చొక్కా పట్టి ఈడుస్తుండగా, పక్క రోడ్డు మీద బాతుల బుట్టలతో ఒక పాత ట్రక్కు వెళ్లింది. తెల్లచుక్కల నల్లగుడ్డ తలకి కట్టుకుని, మడమల దాకా గౌను వేసుకున్న హట్టరైట్ మతశాఖ ఆడమనిషి దాన్ని నడుపుతోంది. ఆ దైవభక్తుల వైపు అక్కడ ఎవరూ రెండోసారి చూడరు. బాస్కిన్ మనుషులూ చూడలేదు.

ఆదివారం తెల్లవారుజాము నుంచి సన్నగా వాన మొదలైంది. విల్లో బెంచ్ రాంచిలో ఆరింటికి తలుపు తెరుచుకుని, కాఫీ కప్పుతో సిమెక్ వరండాలోకి వచ్చాడు. ఎదురు వాలులో కాపలా తిరుగుతున్న వెస్ ఉన్నచోటే ఆగిపోయాడు.

"సార్, ఆయన్ని బయటికి రమ్మన్నది ఎవరు?"

"నేనే," అంది చెవిలో గొంతు. "ఆమె కనిపించాలిగా. వెతుకు."

వాలు మైలు పొడవు. అంతా మోకాలెత్తు గడ్డి, అడుగడుగునా ఉడత బొరియలు. వెస్ అటు పరిగెత్తబోయి ఆగాడు. ఒక తొడుగు బొరియలో పోగొట్టుకున్న మనిషి మళ్లీ గడ్డిలో పడుకోదు. వాలు మొత్తం మీద చదునైన రాతిబండ ఒక్కటే ఉంది. అతను దాని వైపు పరిగెత్తాడు.

చుక్కల తలగుడ్డతో లెనోర్ బండ మీద బోర్లా పడుకుని ఉంది. గౌను తడిసి ఒంటికి అతుక్కుంది, వాన రైఫిల్ మీద గంటల తరబడి కురిసింది. వెస్‌కీ ఆమెకీ మధ్య ఇంకా నలభై అడుగులు. పరుగులో అతని పిస్తోలుకి గురి కుదరడం లేదు. ఆమె వేలు బిగుసుకోవడం అతనికి కనిపించింది.

టిక్.

అంతే. తడిసిన తలుపు గడియ పడినట్టు మెత్తటి చప్పుడు. కింద వరండాలో సిమెక్ కాఫీ ఊదుకుంటున్నాడు.

లెనోర్ బోల్టు లాగింది. పేలని తూటా ఎగిరింది. గ్లవ్ తడిగా ఉంది, అరచేతిలోంచి జారి బండ మీద గణగణమంటూ దొర్లింది. మ్యాగజీన్‌లో రెండో తూటా సిద్ధంగా ఉంది. బోల్టు ముందుకి తోస్తే చాలు. ఆమె చెయ్యి మాత్రం బోల్టుని వదిలేసి దొర్లుతున్న ఇత్తడి వెనక పోయింది.

దాని మీద ఆమె చెయ్యి పడేసరికి ఆ చెయ్యి మీద వెస్ బూటు పడింది. రెండో కాలితో రైఫిల్‌ని తన్నేశాడు.

"బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు," అన్నాడు రొప్పుతూ.

"నువ్వూ తుపాకి పనివాళ్లింట్లో పెరిగినవాడివేగా," అంది ఆమె. నొప్పితో మొహం పాలిపోయినా నవ్వింది. "బాస్కిన్‌కి నేను ప్రాణాలతో కావాలి. నాకు తెలుసు. లేపు నన్ను."

వెస్ బూటు తీయగానే ఆమె ఎడమ చేత్తో తడి గ్లవ్ లాగేసి కుడి చెయ్యి అందించింది. ఉంగరం రాయి లోపలి వైపు ఉంది.

చెవిలో బాస్కిన్ అరుస్తున్నాడు. "ప్రాణాలతో, కాల్డర్. వింటున్నావా?"

వెస్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె వేళ్లని ఒక్కొక్కటే ఆమె అరచేతిలోకే మడిచి, పిడికిలి చేసి, తన రెండు చేతులతో గట్టిగా మూశాడు. మూసి అట్లాగే పట్టుకున్నాడు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"పది నిమిషాలు," అన్నాడు. "మా మావయ్యకి తొమ్మిదే పట్టింది. నువ్వు వయసులో ఉన్నావు."

తర్వాత ఆమె పక్కనే వానలో కూర్చుని రైఫిల్ అందుకున్నాడు. బోల్టు ఊడదీశాడు. చేతులు అలవాటుగా దాన్ని విప్పాయి. స్ప్రింగు చుట్టూ, ఫైరింగ్ పిన్ను చుట్టూ తెల్లగా, చిక్కగా ఏదో పేరుకుపోయి ఉంది. వేలితో తీసి వాసన చూశాడు. శుక్రవారం తను పిట్టల్ని తన్నుతున్న వేళ లోపల ముసలాయన ఏం చేశాడో, మోకాలు రుద్దుకుంటూ కిటికీలోంచి ఏం చూశాడో, స్టూలు మీద ఏం చెప్పాడో అప్పుడు తెలిసింది. మోకాలు లాగుతుండగా ఆయన ఆదివారం వానని నమ్ముకున్నాడు. తను ఆయన్ని ఒక్క మాటకీ నమ్మలేదు.

"ఏమిటది?" అంది లెనోర్. నాలుక మందంగా తిరుగుతోంది.

"గోధుమ జావ."

ఆమె దాన్ని అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తూనే పోయింది.

బాస్కిన్ గొడుగు వేసుకుని బండ ఎక్కాడు. శవాన్ని చూసి, మొట్టమొదటిసారి పిప్పర్‌మెంట్ బిళ్లని ఒక బుగ్గనుంచి ఇంకో బుగ్గకి మార్చాడు.

"ప్రాణాలతో అన్నాను."

"చెవిటి మెషీన్ సార్," అన్నాడు వెస్. "వానలో సరిగా వినపడదు."

సిమెక్ సోమవారం అరవై పేర్లూ చెప్పాడు. రిపోర్టు ఫారంలో ఆయుధం అన్న గడి దగ్గర గుమాస్తా ‘పేరు లేని తూటా’ అని టైపు చేశాడు. వెస్ దాన్ని కొట్టేయించి, పక్కన నిలబడి, ‘థర్టీ టోర్గర్సన్’ అని మళ్లీ టైపు చేయించాడు. లెనోర్ తీసుకెళ్లిన పచ్చ లేబుల్ మళ్లీ ఎవరికీ కనిపించలేదు. ఆ పేరు అచ్చు అక్షరాల్లో మిగిలిన కాగితం లోకం మొత్తం మీద అదొక్కటే. యాభై ఏళ్ల దాకా ఎవరూ చదవకూడదని దాని మీద ఎర్ర ముద్ర ఉంది.